పిన్నీసు గుర్తు గుమ్మడికాయ

షెడ్డుకు నేను మొదటిసారి తాళం వేసిన రోజున ఎదురింటామె గేటు దగ్గర నిలబడి నవ్వింది. "ఏందక్కా, షెడ్ల బంగారం గిట్ల దాచినవా?" అంది. ఆమె ఆ మాట మరిచిపోయి ఉంటుంది. నేను మరిచిపోలేదు.

మౌలాలిలో మా ఇంటి వెనక కాస్త స్థలం ఉంది. అందులో నా తోట, మూలన రేకుల షెడ్డు. నా సామాను ప్రతిదాని మీదా ఆకుపచ్చ రంగుతో ఒక చార ఉంటుంది. నేను టీచరుగా చేసేటప్పుడు తోటి టీచరు ఒకావిడ నా గొడుగు తనదేనని వాదించి పట్టుకుపోయింది. ఆ అలవాటు అప్పటిది.

ఈ ఏడు వానలు మొదలవగానే షెడ్డులోంచి గునపం పోయింది. తర్వాత నీళ్లు పట్టే పైపు, ఆ తర్వాత పెద్ద గంప. తాళం మాత్రం వేసింది వేసినట్టే ఉండేది. పెద్ద తాళం కొన్నాను. గోడ మీద గాజు పెంకులు పెట్టించాను. కెమెరా పెట్టిద్దామంటే మా ఆయన కరెంటు దండగ అన్నారు. చివరికి పోలీసు స్టేషన్‌కు వెళ్లాను. అక్కడి కానిస్టేబుల్ అంతా విని, "తాళం పగల్లే, రేకులు ఊడలే. జెర మీ ఇంట్లోల్లనే అడుగున్రి అమ్మా" అన్నాడు. రైల్వేలో పని చేసి మచ్చ లేకుండా రిటైరైన మా ఆయన్ని పట్టుకుని ఆ మాట. ఇంటికొచ్చి మండిపడుతూ చెప్పాను. మా ఆయన పేపరు దించలేదు. నాకు జరిగిన అవమానానికి బాధపడుతున్నారనుకున్నాను.

గునపం పోతే ఇంకోటి దొరుకుతుంది. నా బెంగంతా గుమ్మడికాయ మీద. మా అమ్మ ఉద్యోగానికని తెనాలి వైపు నుంచి సికింద్రాబాద్ వచ్చినప్పుడు తెచ్చిన విత్తనం అది. బజారులో ఎక్కడా దొరకదు. ఏటా గింజలు ఎండబెట్టి దాచుకునేదాన్ని. డబ్బాలో దాచినవి నిరుడు ఎలుకలు తినేశాయి. మిగిలిన గింజలు నాటితే ఒక్క తీగ బతికింది, దానికి ఒక్క కాయే నిలిచింది. అది పోతే ఆ విత్తనం ఇక లేనట్టే. కాయ పిందెగా ఉన్నప్పుడే పిన్నీసుతో దాని మీద చిన్న సిలువ గీశాను. కాయతోపాటు ఆ గీతా పెరిగి, మానిన గాయంలా ఉబ్బి, అరచేతంత అయింది. ఇక ఎవడు ఎత్తుకుపోయినా నాదేనని చూపించొచ్చు.

మా చర్చిలో ఇంట పండినవి కానుకగా ఇచ్చే కోత పండుగ ముందురోజు మోండా మార్కెట్‌కు వెళ్లి వచ్చేసరికి తీగ మీద కాయ లేదు. తొడిమ దగ్గర కత్తితో శుభ్రంగా కోసి ఉంది. ఆ రాత్రి నేను అన్నం తినలేదు. మా ఆయన తిన్నారు.

మర్నాడు చర్చికి వెళ్లాను. ఆవరణలో షామియానా వేశారు. దాని తాడు కట్టింది నా గునపానికి. ఆకుపచ్చ చార ఎండలో మెరుస్తోంది. లోపల బలిపీఠం ముందు కానుకల మధ్య, నా గంపలో, నా గుమ్మడికాయ. సిలువ వైపు జనానికి కనబడేలా పెట్టి, చుట్టూ బంతిపూలు కూడా పేర్చారు. ఆడవాళ్లు ఒక్కొక్కరే వెళ్లి ముట్టుకుని కళ్లకద్దుకుంటున్నారు.

నేను పక్కకు తిరిగి మగవాళ్ల వరుసలో మా ఆయన్ని చూశాను. ఆయన పాటల పుస్తకం చూస్తున్నారు. అప్పటికింకా పాట మొదలవలేదు.

ఆరాధన అయ్యాక మెట్ల దగ్గర నిలదీశాను. చర్చివాళ్లు పనికోసం అడిగితే గునపం, పైపు, గంప ఆయనే తాళం తీసి ఇచ్చారట. కానుకలు పోగుచేయడానికి వచ్చినప్పుడు, వెనక ఏముంటే అది కోసుకోండని కూడా ఆయనే అన్నారట. "మొదటిసారే చెబుదామనుకున్నాను. నువ్వు స్టేషన్ దాకా వెళ్లాక ఇంక చెప్పే ధైర్యం రాలేదు" అన్నారు. అన్ని తాళాలు కొన్నాను, ప్రతిదాని రెండో చెవీ నా చేత్తో నేనే ఆయనకిచ్చాను.

ఏటా లాగే కానుకలు వేలం వేశారు. నా కాయ వంతు వచ్చేసరికి అందరూ లేచి నిలబడ్డారు. తిరుమలగిరి నుంచి వచ్చే సంఘపెద్ద ఒకాయన పాట పెంచుతూ పోయాడు. ఒక క్రిస్మస్‌కు నా గొంతు బాగాలేదని నన్ను పాటల బృందంలోంచి తీయించింది ఈయనే. నేనూ పోటీగా పాడుతూ పోయాను, నా చేతిసంచిలో ఉన్న డబ్బు దాటిపోయింది. ఇక ఊరుకోలేక, "ఆ గుర్తు పెట్టింది నేనే, పిన్నీసుతో" అన్నాను.

"చెయ్యి మీదే కావచ్చు టీచరమ్మా, పెట్టించింది ప్రభువు" అన్నాడాయన. అందరూ ఆమెన్ అన్నారు. మా ఆయన కూడా అన్నారు.

కాయ ఆ సంఘపెద్ద కారెక్కింది. కోస్తారా అని ఎవరో అడిగితే, హాల్లో షోకేసు మీద పెడతానన్నాడు. అక్కడ అది కుళ్లేదాకా ఉంటుంది, లోపలి గింజలతో సహా. సోమవారం కత్తి, పాత పేపర్లు సంచిలో వేసుకుని ఆటోలో తిరుమలగిరి వెళ్లాను. ఆయన భార్య టీ ఇచ్చింది. కాయ మీదే, గింజలు నావి అన్నాను. ఇస్తే తప్ప లేచేది లేదని సోఫాలో కూర్చున్నాను. మధ్యాహ్నం భోజనాల వేళకు ఆయన దిగొచ్చాడు. సిలువ జోలికి పోకుండా అడుగు నుంచి తీసుకోమన్నాడు. కాయను తిరగేసి, అడుగున గుండ్రంగా కోసి, చెయ్యి పెట్టి మొత్తం తోడేశాను. బోలు కాయను మళ్లీ షోకేసు మీద నిలబెట్టాం. ఎదుటి నుంచి చూస్తే ఏమీ తెలియదు. వారం దాకా కూడా నిలవదని నాకు తెలుసు, ఆయన అడగలేదు.

గుమ్మం దాకా వచ్చి, తమకూ నాలుగు గింజలు ఇమ్మని అడిగాడు. వచ్చే ఏడు చూద్దామన్నాను.

గింజలు ఇప్పుడు షెడ్డులో ఆరుతున్నాయి. ఎదురింటామె దొంగ కాదని తేలింది గానీ, ఆ రోజు నవ్వింది మాత్రం ఆమే. తాళం మళ్లీ మార్చాను. రెండో చెవి ఎక్కడుందని మా ఆయన రెండుసార్లు అడిగారు. నేను పేపరు దించలేదు.