కిటికీ లేని గది, బాపు గొంగడి

దయ్యాలను గానీ ఆత్మలను గానీ నేను ఏనాడూ నమ్మలేదు. దేవరకొండ పక్కన సర్కారు బడిలో ఫిజిక్స్ చెప్పి రిటైరైనవాణ్ణి. పిల్లలెవరైనా ఫలానా చోట ఏదో కనబడిందని వస్తే, వెలుతురు ఎటునుంచి పడింది, నువ్వెంత దూరంలో ఉన్నావు అని అడిగి అడిగి, చివరికి అది ఆరేసిన తువ్వాలేనని వాళ్లతోనే అనిపించేవాణ్ణి. మా ఆవిడ పద్మకు నా ఈ గుణం చూస్తే నవ్వు. "ఈయనకు దేవుడు కనబడ్డా ముందుగాల హాల్‌టికెట్ అడుగుతడు" అనేది.

అలాంటి నాకే మింగుడుపడని సంగతి ఇది. జరిగింది జరిగినట్టు చెబుతాను.

పద్మకు బస్సు పడదు. ఎక్కి కూర్చుంటే చాలు, కండక్టర్ టికెట్ కొట్టకముందే కడుపులో తిప్పడం మొదలవుతుంది. నిమ్మకాయ, అల్లం, మాత్రలు అన్నీ అయ్యాయి. నల్లగొండ పోవాలన్నా దారిలో బస్సు ఆపించాల్సిందే. యాదగిరిగుట్ట మొక్కు ఏళ్లకేళ్లు వాయిదా పడింది. చుట్టాల పెళ్లిళ్లకు నేనొక్కణ్ణే పోయి, పద్మ రాలేదా అని అడిగినవాళ్లందరికీ జవాబు చెప్పుకుంటూ భోంచేసి వచ్చేవాణ్ణి.

ఈ బాధలో ఆమెకు అండగా నిలిచింది మా బాపు, అంటే మా నాన్న. మాది గొర్లు కాసే ఇల్లు. ఎండాకాలం మేత కోసం బాపు కృష్ణ వెంబడి కోస్తా దాకా మందను తోలుకుపోయేవాడు. ఎక్కడ ఆగినా ముందు తన నల్ల గొంగడి పరిచేవాడు. దాని ఒక అంచుకు ఎర్ర ఉన్నితో కుట్టు వేసుకున్నాడు. అటు తల. ఆ ఎర్రంచు ఎప్పుడూ దక్షిణానికే ఉండాలి.

ఉత్తరానికి తల పెట్టొద్దని మన దగ్గర అందరూ అంటారు. బాపుకు మాత్రం దక్షిణానికి తల పెట్టడం ఒక మందు. పద్మ బస్సు దిగి వాడిపోయిన మొహంతో ఇంటికి వస్తే, అరుగు మీద గొంగడి వేసి "ఎర్రంచు మీద తలపెట్టి జరసేపు పండుకో బిడ్డా" అనేవాడు. కాసేపటికి ఆమె లేచి అన్నం తినేది. పడుకుంటే ఎవరికైనా తగ్గుతుంది, దిక్కుతో పనేముందని నేను అనేవాణ్ణి. ఇద్దరూ నా మాట వినబడనట్టే ఉండేవాళ్లు.

ఒకసారి ముగ్గురం డ్యామ్ ఉన్న నందికొండ పోయి, నాగార్జునకొండ చూద్దామని లాంచీ ఎక్కాం. గాలి బాగా తగులుతుందని నేను పద్మను ముందు కొసన కూర్చోబెట్టాను. సగం దూరం పోయేసరికి ఆమె మొహం పాలిపోయింది. బాపు లేచి, నడుమ కూర్చున్నవాళ్లను జరగమని, అక్కడ గొంగడి పరిచి కోడలిని పడుకోబెట్టాడు. అంతటితో ఊరుకున్నాడా? లాంచీ మలుపు తిరిగినప్పుడల్లా ఆమెను లేపి, గొంగడి తిప్పి, ఎర్రంచును మళ్లీ దక్షిణానికి పెట్టాడు. లాంచీలో ఒకటే నవ్వులు. నాకు తల కొట్టేసినట్టయింది. పద్మ మాత్రం హాయిగా నిద్రపోయింది.

దిగేటప్పుడు బాపు ఆమెతో అన్నాడు. "గివేం నీళ్లు బిడ్డా, నేను సముద్రం సూసిన. నీకు గూడ సూపిస్త. గొంగడి నేనే పట్టుకొస్త, నువ్వు ఫికర్ చెయ్యకు."

ఆ మాట తీరకుండానే, కరోనాకు ముందు, బాపు పోయాడు. గొంగడిని పద్మ వేపాకు వేసి బీరువాలో దాచింది.

నేను రిటైరయ్యాక ఒకరోజు పద్మ ఫోన్లో ఓడ వీడియో చూసింది. చెన్నైలో బయలుదేరి, సముద్రం మీద తిరిగి, మళ్లీ చెన్నైకే వచ్చే ఓడ. "గింత పెద్దగున్నది, ఇదేం కదుల్తది? పోదాం" అంది. ఫోన్ పక్కన పెట్టి, "గిది గూడ పడకపోతె నన్నింక యాడికీ తీస్కపోవద్దు మీరు. ఇంట్లనే ఉంట" అంది. నవ్వుతూనే అంది గానీ, అది ఉత్తమాట కాదని నాకు తెలుసు. పద్మ ఒక మాట అనుకుంటే అంతే.

గది ఎంచుకునే పని నా మీద పడింది. ప్రశ్నపత్రం తయారుచేసేటప్పుడు కూడా నేనంత బుర్ర పెట్టలేదు. ఓడ అలల మీద పోతుంటే, పిల్లలు ఎక్కి ఊగే బల్లలాగే ముందూ వెనకా లేస్తూ దిగుతూ ఉంటుంది. కొసన ఉన్నవాడికే ఊపు ఎక్కువ, నడుమ ఉన్నవాడికి అంతగా తెలియదు. పై అంతస్తులు పక్కలకు ఎక్కువ ఊగుతాయి. అంటే మనకు కింది అంతస్తులో, సరిగ్గా నడుమ గది కావాలి. నెత్తి మీద వంటగది గానీ డ్యాన్సు హాలు గానీ ఉండొద్దు. లిఫ్టుకు మరీ ఆనుకుని ఉండొద్దు, వచ్చేపోయేవాళ్ల సందడికి నిద్ర పట్టదు.

ఇంత చూసి నేను తేల్చిన గదికి కిటికీ లేదు. నడుమ ఉన్న కిటికీ గదులన్నీ అప్పటికే నిండిపోయాయి. కిటికీ కావాలంటే ముందు కొసకు పోవాలి. సముద్రం చూడడానికి పోతూ కిటికీ లేని గదా అని నాకు మనసొప్పలేదు. చివరికి పద్మే తేల్చేసింది. "సముద్రం పైకి పోయి సూస్త. పండుకునే జాగా మంచిగుంటె సాలు."

మధ్యలో పద్మ తమ్ముడు శ్రీను దూరాడు. వాడికి వాస్తు పిచ్చి. "బావా, గది తలుపు ఏ దిక్కుకున్నది?" అని ఫోన్ చేశాడు. ఓడ తిరిగితే తలుపూ తిరుగుతుంది కదరా అన్నాను. కాసేపు ఆలోచించి, "అయితె లంగరు తీసేటప్పుడు ఏ దిక్కుంటదో గదే లెక్క" అని తీర్పు చెప్పాడు.

రైలు పద్మను పెద్దగా ఇబ్బంది పెట్టదు. చెన్నై దాకా బాగానే పోయాం. గదిలో అడుగు పెట్టగానే ఏసీ చలికి ఆమె పెట్టెలోంచి బాపు గొంగడి తీసింది. అది వెంట వచ్చిందని నాకు అప్పటిదాకా తెలియదు. దిండ్ల వైపు ఎర్రంచు వచ్చేటట్టు మంచం మీద పరిచింది. మంచం ఓడ పొడవునా ఉంది, దిండ్లు ఓడ ముందు వైపుకు ఉన్నాయి. టీవీలో ఒక ఛానెల్ ఓడ ఎటు పోతోందో మ్యాపు మీద చూపిస్తూ ఉంటుంది. అది దొరికాక నాకు వేరే సినిమా ఎందుకు?

ఓడ రేవు దాటి దక్షిణం దారి పట్టింది. పద్మ కదలకుండా నిద్రపోయింది. పొద్దున లేచి ఇడ్లీ, పూరీ రెండూ తిని, పైకి పోయి కడ్డీ పట్టుకుని సముద్రాన్ని చూస్తూ నిలబడింది. ఎంత పిలిచినా రాదు. ఆమె మొహం చూస్తే నాకు కడుపు నిండిపోయింది. నా లెక్క, నా గది అని లోపల కొంచెం పొంగిపోయాను కూడా.

మధ్యాహ్నం భోజనం దగ్గర ఓడ మెల్లగా మలుపు తిరుగుతున్నట్టు అనిపించింది. పద్మ చెంచా కింద పెట్టేసింది. ఆ మొహం నాకు బాగా తెలుసు. లేచి, వరండా పొడుగునా గోడ పట్టుకుని నడిచింది. ఇంక ఈమె జన్మలో ఇల్లు కదలదు అనుకుంటూ నేను గది తలుపు తీశాను.

గొంగడి అటుది ఇటు అయి ఉంది. ఎర్రంచు కాళ్ల వైపు ఉంది, దిండు కూడా అటే ఉంది. పద్మ పోయి ఆ ఎర్రంచు మీద తల పెట్టి పడుకుంది. గది సర్దే ఆయన పనే అయి ఉంటుందనుకుని నేను టీవీ పెట్టాను. ఓడ వెనక్కి తిరిగి ఉత్తరానికి పోతోంది. పద్మ తల దక్షిణానికి ఉంది.

కాసేపటికి ఆమె లేచి కూర్చుని "ఆకలైతాంది" అంది.

సాయంత్రం పైకి పోయేటప్పుడు నేను కావాలనే వెనక ఆగి, గొంగడిని, దిండును మొదట ఉన్నట్టే తిప్పి పెట్టాను. ఎర్రంచు దిండ్ల వైపు, అంటే ఇప్పుడు ఉత్తరానికి. తలుపుకు లోపలికి రావద్దనే బోర్డు తగిలించి, గది తాళం కార్డులు రెండూ నా జేబులోనే వేసుకున్నాను. పొద్దు గుంకేదాకా ఇద్దరం పక్కపక్కనే ఉన్నాం. ఆమె గానీ నేను గానీ ఒక్కసారి కూడా కిందికి పోలేదు.

తిరిగి వచ్చి చూస్తే ఎర్రంచు, దిండు మళ్లీ కాళ్ల వైపే ఉన్నాయి. ఎక్కడా ముడత లేదు. బాపు పరిచాక అరచేత్తో సాఫు చేసేవాడు, అచ్చం అట్లా ఉంది.

గది సర్దే ఆయనను పట్టుకుని అడిగాను. పొద్దున వచ్చి ఊడ్చిపోయానని, ఆ నల్ల కంబళి ఎవరో పెద్దవాళ్లదిలా ఉందని ముట్టుకోలేదని చెప్పాడు. సాయంత్రం బోర్డు చూసి అసలు రానేలేదట. ఆయనకు అబద్ధం చెప్పే అవసరం ఏముంది?

నాకు భయం వేయలేదు. బాపు ఇప్పుడే బీడీ కాల్చుకోవడానికి బయటికి పోయినట్టు అనిపించింది, అంతే. పద్మను మెల్లగా అడిగాను, నువ్వే తిప్పుతున్నావా అని.

"నేనెందుకు తిప్పుత? మీరే తిప్పుతుండ్రనుకున్న" అంది ఆమె. "ఇన్నేండ్లకు మామ లెక్క మీకు తెలిసొచ్చిందని సంబురపడ్డ."

జరిగిందంతా చెప్పాను. ఆమె గొంగడిని మెల్లగా నిమిరింది. "సముద్రం సూపిస్తనన్నడు గదా" అని, అటే తల పెట్టి నిద్రపోయింది. చెన్నైలో దిగేదాకా ఆమెకు మళ్లీ కడుపులో తిప్పలేదు.

ఇంటికి వచ్చాక కారణాలన్నీ వెతికాను. ఓడ ఊపుకు గొంగడి జారితే కింద పడుతుంది, తలా కాళ్లూ మారి పరుచుకోదు. ఓడవాళ్ల దగ్గర ఇంకో తాళం ఉంటుంది, నిజమే. అయినా ఎవరో లోపలికి వచ్చి మా గొంగడి ఒక్కటీ దక్షిణానికి తిప్పి పోయారంటే, అది దయ్యం కంటే వింత. లంగరు తీసినప్పుడు దిక్కు మంచిగుందని శ్రీను మాత్రం గొప్పంతా తన ఖాతాలో వేసుకున్నాడు.

చివరికి ఇంట్లోనే ప్రయోగం చేశాను. ముందు గదిలో మంచం మీద ఎర్రంచు ఉత్తరానికి పెట్టి పరిచి, తలుపుకు తాళం వేసి, తాళంచెవి నా దగ్గరే ఉంచుకున్నాను. తెల్లారి చూస్తే ఎట్లా పెట్టింది అట్లాగే ఉంది. మళ్లీ పెట్టి చూశాను. కదల్లేదు. దయ్యాలు లేవనేవాడు సంతోషించాలి కదా? నాకు మాత్రం ఏడుపొచ్చినంత పనైంది. మా బాపు రాలేదు అనిపించింది.

పద్మ వచ్చి చూసి నవ్వింది. గొంగడి మడత పెడుతూ "ఇంట్ల నాకు తల తిరగది గదా. ఈడ ఆయనకేం పని?" అంది.

ఈమధ్య మళ్లీ ఓడ ఎక్కుదామంటోంది. ఈసారి కిటికీ ఉన్న గదే కావాలట, ముందు కొసన అయినా ఫికర్ లేదట. ఓడ మొత్తంలో అంతగా ఊగే చోటు ఇంకోటి ఉండదు, నాకు బాగా తెలుసు. అదే తీసుకున్నాను.