పదకొండో మేక

వీధిలో అందరూ ఆమెను అతుకులావిడ అంటారు. ఆమె ఏమీ అనుకోదు. ముప్ఫై ఏళ్ళుగా పాతవస్తువుల కొట్టు వెనకగదిలో కూర్చుని విరిగినవాటిని అతుకుతూనే ఉంది. కిటికీ పక్కన బల్ల. బల్ల మీద లక్క కరిగించే చిన్న పొయ్యి, నాలుగు కుంచెలు, ఒక భూతద్దం. పెళ్ళయి వచ్చిన కొత్తలో ఆ గదిలో రెండు స్టూళ్ళుండేవి. ఇప్పుడూ రెండే. ఒకదాని మీద గుడ్డలు పెట్టుకుంటుంది.

పని నేర్పింది భర్త. రెండే సంగతులు గట్టిగా చెప్పాడు. అతికింది ఎప్పుడు కావాలంటే అప్పుడు, పాతదానికి దెబ్బ తగలకుండా ఊడి రావాలి. కొత్త ముక్కకి లోపలివైపు, ఎవరికీ కనపడని చోట, చేసినవాళ్ళు తలా ఒక గీత గియ్యాలి. “రేపు విప్పేవాడికి తెలియొద్దూ?” అనేవాడు. ఆయన పోయి పదిహేనేళ్ళు.

కొట్టు ఇప్పుడు మరిది చూసుకుంటాడు. ఆ ఉదయం ఒక గిన్నెను తువ్వాల్లో చుట్టి, పసిబిడ్డను తెచ్చినట్టు తెచ్చి బల్ల మీద దించాడు.

“వదినా, దీనికి కాస్త స్నానం చేయించు. పదకొండింటికి ఇద్దరొస్తున్నారు చూడ్డానికి. వేల ఏళ్ళ నాటిది, ఒక్క పెచ్చు ఊడలేదు. నాకేమో యాభై దాటకుండానే పళ్ళు కదుల్తున్నాయి.”

“నీ పళ్ళు వయసుకి కాదు, వాగుడికి కదుల్తున్నాయి. అక్కడ పెట్టి వెళ్ళు.”

బలపపు రాయి గిన్నె. రెండు దోసిళ్ళ నీళ్ళు పడతాయి. చుట్టూ మేకలు, ఒకదాని వెనక ఒకటి. చూడగానే గుర్తుపట్టింది. అయినా వేలితో తడిమి చూసుకుంది. పది మేకల బొచ్చు గీతలు ఒక వాలుగా ఉన్నాయి. పదకొండోదానివి ఎదురు వాలు.

మామగారి హయాంలో ఈ గిన్నె ఒక మేక ఊడిపోయి వచ్చింది. ఆ లోటు పూడ్చడానికి భర్త తొమ్మిది రోజులు చెక్కాడు. ఆయనది ఎడమచేతి వాటం. ఎంత బిగపట్టినా ఉలి తన వాలే పట్టింది. “నా మేక ఒక్కటే గాలికి ఎదురు నడుస్తోంది” అని నవ్వాడు. మామగారు ఉన్నది ఉన్నట్టు చెప్పే అమ్మారు. మరిది అప్పుడు వేరే ఊళ్ళో చదువుకుంటున్నాడు. కొన్న పెద్దమనిషి పోయాడు. ఆయన పిల్లలు గిన్నెను మళ్ళీ ఈ కొట్టుకే తెచ్చారు గాని, అతుకు సంగతి దారిలో ఎక్కడో రాలిపోయింది.

చెబితే, కొనేవాళ్ళు దాన్ని తీసెయ్యమంటారు. చెప్పకపోతే ఆ మేక ఆ వరసలోనే, వేల ఏళ్ళ మేకగా నిలిచిపోతుంది. ఆయన చెయ్యీ నిలిచిపోతుంది. మిగిలిన ఆయన పనులన్నీ ఎవరెవరి ఇళ్ళలోనో ఉన్నాయి. కుంచెతో దాని వీపు మరో రెండుసార్లు తోమింది. తోమాల్సిన మురికి లేదు.

పదకొండింటికి వాళ్ళొచ్చారు. ఒకరు ఇళ్ళు కట్టే కాంట్రాక్టరు. రెండోవారు పళ్ళ డాక్టరు, పని మానేసి ఇలాంటివి పోగుచేసుకుంటున్నారు.

“ఎక్కడా అతుకన్న మాటే లేదండీ” అన్నాడు మరిది.

“ఉంది” అంది ఆమె, వెనకగది గుమ్మానికున్న తెర పక్కకి జరిపి.

కాంట్రాక్టరు గిన్నెను కింద పెట్టేశాడు. “అతుకుల బొంత నాకెందుకమ్మా” అని చెప్పుల్లో కాళ్ళు దూర్చి వెళ్ళిపోయాడు.

“పొద్దుట్నించీ నీ దగ్గరే ఉందిగా వదినా! నా చెవిన వేస్తే నీ సొమ్మేం పోయింది?”

“చెప్పనా, మాననా అని పొద్దుట్నించీ కొట్టుకుంటూనే ఉన్నాను. అది మీ అన్నయ్య పని.”

మరిది గిన్నెను డాక్టరు ముందుకి జరిపాడు.

డాక్టరు అద్దం పెట్టి చుట్టూ వెతికారు. దొరకలేదు. ఆమె ఆయన వేలు పట్టుకుని పదకొండోదాని మీద పెట్టింది.

“నలభై ఏళ్ళు పెట్టుడు పళ్ళు కట్టానమ్మా” అని నవ్వారాయన. “అడక్కుండా ఇదుగో ఇది పెట్టుడుది అని చెప్పిన నోరు ఒక్కటీ లేదు. ఊడి వస్తుందా?”

“కాపడం పెడితే వస్తుంది. అలాగే పెట్టాం.”

“అయితే తీసెయ్యండి. పాతది ఎంతుంటే అంత చాలు నాకు. ఖాళీ ఖాళీగానే ఉండనీండి.”

వేరే ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. మరిగిన నీళ్ళలో గుడ్డ ముంచి, పిండి, మేక మీద ఆనించి పట్టుకుంది. చల్లారగానే మరొకటి. నాలుగో గుడ్డకి లక్క మెత్తబడి మేక కదిలింది. అరచేతిలోకి దిగింది, వెచ్చగా.

లోపలివైపు తిప్పింది. ఒక గీత ఉంటుందనుకుంది.

రెండున్నాయి, పక్కపక్కన.

మేకను అతికించిన రోజు ఆమె పొయ్యి దగ్గర లక్క కలుపుతోంది. గట్టిపడిపోతోంది, త్వరగా కానివ్వండని తొందరపెట్టింది. ఆయన అటు తిరిగి, “ఉండు, ఒక్క నిమిషం” అన్నాడు. అప్పటికి ఆమె ఆ గదిలో గుడ్డలు ఉతికి, లక్క కరిగించే మనిషే. తనది పని అని ఆమె కూడా అనుకోలేదు.

డాక్టరు ఖాళీ అయిన చోటును వేలితో నిమిరి, గిన్నె కట్టివ్వమన్నారు. మేకను ఆయన వైపు చాపింది.

“అది మీదమ్మా. నేను కొన్నవి పది మేకలే.”

ఆయన వెళ్ళాక మరిది వెనకగదిలోకి వచ్చాడు. ఆమె భుజం మీదుగా తొంగిచూశాడు.

“రెండు గీతలేంటి వదినా?”

“ఒకటి మీ అన్నయ్యది.”

రెండోది ఎవరిదని అతను అడగలేదు. స్టూలు మీది గుడ్డలు తీసి పక్కన పెట్టి, కాసేపు అక్కడే కూర్చున్నాడు.