రెండు చెవులూ కనపడాలి

ఎదుటిమనిషి మొహం నిండుగా కనపడకపోతే చెవులబాబాయికి ముద్ద దిగదు. ఆయనకున్న జబ్బు అదొక్కటే. మిగతా విషయాల్లో నిక్షేపంలాంటి మనిషి.

పెద్దాసుపత్రి గేటుకు సరిగ్గా ఎదురుగా, రోడ్డుకు అవతలి పక్కన ఆయన ఫోటో స్టూడియో. పాతికేళ్లుగా అక్కడ పాస్‌పోర్టు ఫోటోలు తీస్తున్నాడు. స్టూలు మీద కూర్చున్నది జడ్జిగారైనా జేబుదొంగైనా ఆయనది ఒకటే పాట: "గడ్డం కొంచెం కిందికి. కళ్లు పెద్దవి చెయ్యండి. రెండు చెవులూ కనపడాలి." ఓ కుర్రాడు జుట్టు చెవుల మీదికి వాల్చుకుని ఠీవిగా వస్తే, దువ్వెన తీసుకుని మొత్తం వెనక్కి దువ్వేసి, "ఇప్పుడు మీ అమ్మ గుర్తుపడుతుంది" అన్నాడట. ఆయన అసలు పేరు ఎవరికీ తెలియదు. చెవులబాబాయ్ అంటే మాత్రం ఎవరైనా దారి చూపిస్తారు.

అలాంటి మనిషి బతికుండగా మహమ్మారి వచ్చి, ఊరంతా మూతులు మూసుకుంది.

రోడ్డుకు ఇవతల, ఆసుపత్రి గేటు దగ్గర సెక్యూరిటీ డ్యూటీలో విజిలమ్మ ఉండేది. మెడలో విజిలు, చేతిలో జ్వరం చూసే తుపాకీ, నోట్లో రూలు. ముక్కు కిందికి మాస్కు జారిన మనిషి ఆ గేటు దాటిన చరిత్ర లేదు. ఒకసారి సూపరింటెండెంటుగారినే ఆపి, "సార్, ముక్కు!" అంది. పాపం, ఆయన ముక్కు సర్దుకుని లోపలికి వెళ్లాడు.

ఇంట్లో కూడా అదే వరస. విజిలమ్మకు ఒక్కతే అక్క. తల్లి పోయాక ఆ అక్కే బట్టల ఫ్యాక్టరీలో మిషను తొక్కి ఆమెను పెంచింది. పెంచిన చెల్లెలే చివరికి తన మీద పెత్తనం చేస్తుంటే, "హెడ్మాస్టరమ్మ" అని పేరు పెట్టి ఊరుకుంది. పూర్తిగా ఊరుకుందనీ చెప్పలేం. చెప్పులు వరసగా పెట్టమనో, దీపం ఆర్పమనో ఆర్డరు వేసి చెల్లెలు అటు తిరగ్గానే, ఆ వీపుకేసి నాలుక బయటపెట్టేది. చిన్నప్పట్నుంచీ అంతే. చూసినవాళ్లు కిసుక్కున నవ్వేవాళ్లు. చెల్లెలు గిరుక్కున వెనక్కి తిరిగేసరికి అక్క మొహం బుద్ధిమంతురాలి మొహం అయిపోయేది. ముప్ఫయ్యేళ్లలో విజిలమ్మ ఒక్కసారి కూడా ఆ నాలుక కంటితో చూడలేకపోయింది.

గేటు దగ్గర మాత్రం ఆమె ప్రాణానికి చెవులబాబాయి దాపురించాడు. టాక్సీయో అంబులెన్సో వచ్చి ఆగడమే తరువాయి, రోడ్డు అవతల జానెడు పొడుగు లెన్సు పెట్టుకుని ప్రత్యక్షమయ్యేవాడు.

"అయ్యా! ఒక్క క్షణం! మాస్కు కిందికి లాగి ఇటు చూడండి! రెండు చెవులూ కనపడాలి!"

రోగులకు ఆయాసం, చుట్టాలకు కంగారు. అయినా పాతికేళ్లు ఊరందరి గడ్డాలూ దించిన గొంతు కదా, సగంమంది ఆలోచించకుండానే మాస్కు దించి అటు చూసేవాళ్లు. విజిలమ్మ విజిలు చెవులు చిల్లులుపడేలా మోగేది.

"బాబాయ్! నీకు బుద్ధుందా? జబ్బుమనిషి చేత మాస్కు తీయిస్తావా?"

"నేనిక్కడున్నానమ్మాయ్, వాళ్లక్కడున్నారు. మధ్యలో రోడ్డంతా గాలే."

"మరి నువ్వు రెండేసి మాస్కులు ఎందుకు పెట్టుకున్నావ్?"

"నా మొహం ఎవరికి కావాలి? రోజూ అద్దంలో చూసి చూసి నాకే విసుగొచ్చింది."

టీకాలు వచ్చాక తగువు ఇంకో మెట్టెక్కింది. టీకా సర్టిఫికెట్టు లేనిదే ఎవరినీ గేటు దాటనివ్వకూడదని ఉత్తర్వు. చెవులబాబాయి రోడ్డు దాటి వచ్చి తన సర్టిఫికెట్టు ఆమె మొహం ముందు ఆడించాడు.

"ఇందులో నా ఫోటో ఏదీ? మొహంలేని కాగితం చూసి మనిషిని లోపలికి పంపుతావా?"

"ముందు నువ్వు టీకా వేయించుకున్నావా లేదా?"

"మొదటిరోజే. సూది గుచ్చిన నర్సు మాత్రం ఎంత బతిమాలినా మొహం చూపించలేదు. ఎవరికి దణ్ణం పెట్టాలో తెలీకుండా పోయింది."

ఓరోజు "మాస్కులొద్దు, టీకాలొద్దు" అని అట్టలు పట్టుకుని ముప్ఫైమంది గేటు మీదికొచ్చారు. లోపల తమవాళ్లను పెట్టుకుని బయట పడిగాపులు పడుతున్నవాళ్లకు ఒళ్లు మండిపోయింది. మాటా మాటా పెరిగింది. ఎవరో ఎవరి చొక్కానో పట్టుకున్నారు. విజిలమ్మ మధ్యలో నిలబడి ఊపిరాడక ఊదుతోంది. అట్టలవాళ్ల నాయకుడికి చెవులబాబాయి కనపడేసరికి ఆనందం పట్టలేదు.

"మాస్కు తీయమని రోజూ పోరాడేది మీరేగా! రండి బాబాయ్, మావాళ్లకి ఒక్కమాట చెప్పండి!"

బాబాయి స్టూలు తెచ్చుకుని మరీ ఎక్కాడు. "గడ్డాలు కిందికి!" అన్నాడు. ముప్ఫై గడ్డాలూ ఠక్కున దిగాయి. "ఇప్పుడు మాస్కులు పెట్టుకుని ఇళ్లకు పోండి. మీ ఫోటోలు నాకప్పుడే వద్దు."

నాయకుడికి ఏమీ అర్థం కాలేదు. విజిలమ్మకూ అర్థం కాలేదు. ముసలాయనకు మతి చెడిందనుకుంది.

రెండో విడతలో అక్కకు దగ్గు పట్టుకుంది. మూడు రోజులకు మెట్టెక్కలేకపోయింది. పక్కింటివాళ్లు టాక్సీలో తీసుకొచ్చేసరికి విజిలమ్మ డ్యూటీలోనే ఉంది. నీలం శాలువా కప్పుకున్న అక్కను చక్రాల కుర్చీలో కూర్చోబెట్టారు. దగ్గి దగ్గి మాస్కు ముక్కు కిందికి జారింది.

అవతలినుంచి మామూలు కేకే: "అమ్మా! ఒక్కసారి ఇటు!"

గేటు దగ్గర పదిమంది చూస్తున్నారు. సొంత అక్క దగ్గర రూలు సడలిస్తే రేపు తన మాట ఎవరు వింటారు?

"మాస్కు పైకి లాగు," అంది గట్టిగా.

"సరే, హెడ్మాస్టరమ్మా," అంది అక్క.

విజిలమ్మ రోడ్డు వైపు తిరిగి, చెయ్యెత్తి, చెవులబాబాయి మీద తన కోపమూ భయమూ అంతా కలిపి విజిలు ఊదేసింది. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. బాబాయిని చూసి కాబోలు అనుకుంది. తిరిగి చూసేసరికి అక్క మాస్కు ముక్కు మీద బుద్ధిగా ఉంది. కుర్చీ లోపలికి వెళ్లిపోయింది.

అక్క నాలుగో అంతస్తులో తొమ్మిది రోజులుంది. ఆ వార్డులోకి ఎవరూ వెళ్లకూడదు. విజిలమ్మ కిందే నిలబడి వందమందికి ఆ రూలు చెప్పింది, తనకూ చెప్పుకుంది. పదో రోజున అక్కను జిప్పు వేసిన సంచీలో ఇచ్చారు. తెరవకూడదు. ఒక్కసారి మొహం చూపించమని ఆమె అడగనైనా లేదు, ఎందుకంటే అలా అడిగినవాళ్లందరికీ కుదరదని చెప్పింది తనే. కన్నతల్లిలాంటి మనిషితో తను ఆఖరున అన్న మాట "మాస్కు పైకి లాగు." పైగా అక్క మొహం తలుచుకుందామంటే కళ్ల ముందుకు మాస్కే వచ్చేది.

అక్క పోయిన నాలుగో రోజున, యూనిఫారం లేకుండా, విజిలమ్మ మొదటిసారి రోడ్డు దాటి స్టూడియోలోకి వెళ్లింది. అక్క ఫ్యాక్టరీ గుర్తింపు కార్డు బల్ల మీద పెట్టింది.

"దీన్ని పెద్దది చెయ్యాలి బాబాయ్. ఇంట్లో ఇంకో ఫోటో లేదు."

ఆయన కార్డును వెలుతురులో పెట్టి చూశాడు. "ఎన్నేళ్లయింది?"

"పద్నాలుగు."

"పెద్దది చేస్తే చుక్కలొస్తాయమ్మాయ్, మనిషి రాదు. మొదటి విడతలో ఒకావిడ ఇలాగే వచ్చింది. పోయిన వాళ్లాయన ఉద్యోగంలో చేరినప్పటి ఫోటో తెచ్చింది. పెద్దది చేసి చేతికిచ్చాను. చూసి, 'ఈ కుర్రాడెవరండీ?' అంది. పెళ్లికి చాలా ఏళ్ల ముందే చేరాడట ఉద్యోగంలో, ఆ మొహం ఆవిడ చూసిందే లేదు. గుర్తున్న మొహమేమో ఏ ఫోటోలోనూ లేదు. ఆవేళ నాకు ముద్ద దిగలేదు. ఆ మర్నాడే కెమెరా రోడ్డు మీదికి తెచ్చాను."

అని, కింది సొరుగు లాగాడు. నిండా కవర్లు. ఒక్కదాని మీదా పేరు లేదు. తారీకు, టైము, కప్పుకున్న గుడ్డ రంగు, అంతే.

"లోపలికెళ్లినవాళ్లందరివీ ఉన్నాయా?" అంది విజిలమ్మ.

"నీ విజిలు పడనిచ్చినంతవరకూ ఉన్నాయి. నడిచి బయటికొచ్చినవాళ్లవి చింపేస్తాను. వాళ్ల మొహాలు వాళ్లే ఇంటికి తెచ్చుకున్నారుగా, నాదెందుకు?" వెతికి వెతికి ఒక కవరు తీశాడు. "పదిహేడో తారీకు, పదింపావు, నీలం శాలువా."

ఫోటోలో ముందు విజిలమ్మే ఉంది. చెయ్యెత్తి, బుగ్గలు పూరించి, కళ్లెర్రజేసి విజిలు ఊదుతోంది. ఆమె భుజం వెనక, చక్రాల కుర్చీలో, మాస్కును గడ్డం కిందికి లాగేసుకుని అక్క! చిక్కిపోయిన మొహం, అందులో మెరుస్తున్న కళ్లు, చెల్లెలి వీపుకేసి బారెడు బయటపెట్టిన నాలుక.

విజిలమ్మ భోరుమంది. ఏడుస్తూ ఏడుస్తూనే ఫోటోకేసి వేలు చూపించి, "దొరికావే దొంగా! ముప్ఫయ్యేళ్లకి దొరికావు!" అంది. ఏడుపు మధ్యలో నవ్వు తెరలు తెరలుగా వచ్చింది.

చెవులబాబాయి కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "చెవులు రెండూ పడ్డాయి," అన్నాడు. "నాలుక ఒక్కటే రూలు ప్రకారం లేదు."

మర్నాడు పొద్దున్నే విజిలమ్మ డ్యూటీకి వచ్చింది. పదిగంటలకు ఒక పెద్దాయనను అంబులెన్సులోంచి దించారు. మాస్కు పక్కాగా ఉందో లేదో చూసి, జ్వరం చూసి, "తాతగారూ, ఆ రోడ్డు అవతల కెమెరా పట్టుకున్నాయన మీకేదో చెబుతాడు, వినండి. మిగతావాళ్లు దూరం జరగండి," అంది. తను గోడ వైపు తిరిగి నిలబడింది. చుట్టాలు తెల్లమొహాలేశారు.

"మూడు లెక్కపెడతాను బాబాయ్! ఆ తర్వాత రూలు రూలే!"

"కెమెరా ముసలిదమ్మాయ్! అయిదు లెక్కపెట్టు!"

"కుదరదు, మూడే!" గోడనే చూస్తూ గట్టిగా మొదలుపెట్టింది. "ఒకటి... రెండు..."

"అయ్యా, గడ్డం కిందికి! రెండు చెవులూ కనపడాలి!"

"రెండున్నర... రెండుంముప్పావు..."