మా వంశపు బంగారు పలువరుస

పెళ్లిచూపులకు వెళ్లి సొంత తాతగారి పరువు తీసి వచ్చిన మనవణ్ణి మీరు చూసి ఉండరు. అది నేనే. నవ్వకుండా వింటానంటే చెబుతాను.

ముళబాగిలులో మాది ఒకప్పుడు బంగారు అంగడి. ఇప్పుడు అంగడీ లేదు, బంగారమూ లేదు. మిగిలింది పాత ఇల్లు, పెరట్లో బావి, మా దంతాలు. తాతగారికి, నాన్నగారికి, నాకు దంతాల మీద గోధుమరంగు చారలు. తరతరాలుగా పట్టుకున్న బంగారం ఒంట్లో దిగి అక్కడ తేలిందని తాతగారు చెప్పేవారు. నేను నమ్మాను. ఫొటోల్లో ఇతరులు పెదవులు మూసుకుంటే, నేను గుర్రంలా ఇకిలించేవాణ్ణి.

చాంపియన్ రీఫ్స్‌లో, అక్కడి బంగారు గని మూసేదాకా అందులో పనిచేసిన ఒక పెద్దాయన ఇంట్లో పెళ్లిచూపులు. అమ్మాయి సైన్సు టీచరు. ఈ సంబంధం తప్పితే ఇంక పెళ్లే వద్దనుకునేంతగా నచ్చింది. అందుకే, ఆస్తి ఏముందని ఎవరూ అడగకముందే నోరు తెరిచి చూపించాను.

"ఇది మా రక్తంలో ఉండాది. క్రోమోజోముల్లోనే ఉండాది. బయటినుంచి వచ్చిన కోడళ్లకు ఒక్కరికీ లేదు."

సైన్సు టీచరు ముందు ఆ మాట వాడినందుకు నాకు నేనే శాలువా కప్పుకున్నంత తృప్తి. ఆమె మాత్రం మేము తాగేది ఏ నీళ్లో, అవి ఇంకెవరు తాగుతారో అడిగింది. తోడు వచ్చిన మా మేనమామ అందుకున్నాడు.

"వాళ్ల పెరటి బావి నీళ్లమ్మా, వీధంతా తాగతాది. వెనకింటి టైలరు పిల్లోళ్లకీ ఇవే పండ్లు, ఎదురింటి పాలాయన కొడుకులకీ ఇవే. అచ్చం మావాడి మాదిరే ఉండాయి."

పెద్దాయన కాఫీ గ్లాసు కింద పెట్టాడు.

"రక్తమే అంటివి కదప్పా. అట్లయితే ఆ పిల్లోళ్లంతా మీ తాతకి ఏమయితారు?"

అయ్యా, మా తాతగారు ఏకపత్నీవ్రతుడు. పరాయి స్త్రీ ఎదురైతే గొడుగు అడ్డం పెట్టుకున్న మనిషి.

అమ్మాయికే జాలి కలిగింది. "వాళ్ల తాతని ఏమీ అనొద్దు నాయనా. ఆ నీళ్లల్లో ఫ్లోరైడు ఉంటాది. చిన్నప్పుడు, పండ్లు తయారయ్యే వయసులో తాగితే ఇట్లా చారలు పడతాయి. పెద్దయినాక వచ్చిన కోడళ్లకి అందుకే లేవు. ఈయన ముక్కు తాతదే అయ్యుంటాది, అది జీన్లలో వస్తాది. పండ్ల మీది రంగు మాత్రం బావిది."

పెద్దాయన నా వైపు తిరిగాడు. "నువ్వు చెప్పప్పా. రక్తమా, నీళ్లా?"

వంశగౌరవమంతా ఒకవైపు, తాతగారి శీలం ఒకవైపు. తల వంచుకున్నాను.

"నీళ్లే, సార్."

పుట్టబోయే పిల్లలకు ఫిల్టరు నీళ్లే తాపాలన్న షరతు మీద ఆమె ఒప్పుకుంది. ఇప్పుడు మా అమ్మాయి పళ్లు కొత్త సుద్దముక్కల్లా ఉంటాయి. చూసినప్పుడల్లా ఒక సామ్రాజ్యం అంతరించినట్టు నిట్టూరుస్తాను.

ఆనాడే ప్రతిజ్ఞ చేశాను. ఇకపై నా వంశపు గొప్పదనం ఏది చాటాలన్నా, ముందు వీధిలోకి వెళ్లి అది ఇంకెంతమంది పిల్లలకు ఉందో చూసి వస్తాను.