మా ఆయన చంపిన కొండచిలువ

మా ఆయన పేరు కాన్ సిక్-హుంగ్. ఒక ఒపేరా బృందంలో అర్హూ వాయిస్తాడు. రెండు తీగల వాద్యం అది. కింద చిన్న చెక్క బుర్ర, దాని మీద బిగించిన కొండచిలువ తోలు. ఆ తోలు ఎక్కడిదని ఎవరైనా అడిగితే చాలు, పొయ్యి మీద చేప మాడిపోతున్నా సరే కథ మొదలుపెడతాడు. పెళ్ళికి ముందు ఏడాది లాంటావ్ కొండ మీద, కట్టెలు కొట్టే కత్తితో, తానొక్కడే ఆ పామును చంపాడట. మొట్టమొదట చెప్పింది నాకే, పెళ్ళిచూపులప్పుడు టీ కొట్టులో. అప్పుడది మనిషంత ఉండేది. పిల్లలు పుట్టాక పడవంత అయింది. మనవలొచ్చాక ఇంకెంత పెరిగేదో గానీ, ఇంతలో పెనాంగ్ నుంచి పిలుపొచ్చింది.

అక్కడి గుడి ఉత్సవంలో మా బృందం ఆడాలి. ఈయన పరాయి దేశంలో వాయించడం ఇదే మొదలు. వేళ్ళు వంకర్లు పోతున్నాయి కాబట్టి ఇదే ఆఖరు కూడా. అక్కడే ఒకటి అద్దెకు తీసుకోమంటే మొహం ముడుచుకున్నాడు. తన అర్హూయే కావాలట. కొండచిలువ తోలు దేశం దాటాలంటే అనుమతి పత్రం ఉండాలి మరి. సరే పదండని వన్యప్రాణుల అనుమతులిచ్చే ఆఫీసుకు నేనే లాక్కెళ్ళాను.

కౌంటర్లో టోంగ్ అనే అమ్మాయి కూర్చుని ఉంది. "తాతగారూ, ఈ తోలు ఎక్కడిదండీ?" అని అడిగింది.

అడగక అడగక అదే అడగాలా! ఈయన లేచి నిలబడి, గొడుగునే కత్తి చేసుకుని, కథ మొత్తం ఆడి చూపించాడు. వెనక తాబేలును ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న ఒకాయన చప్పట్లు కూడా కొట్టాడు. టోంగ్ మాత్రం కలం కింద పెట్టింది.

"అప్పటికే కొండచిలువను చంపడం నేరం తాతగారూ. మీరు చెప్పిందే రాసుకుంటే అనుమతి రాదు సరికదా, ఈ వాద్యాన్ని మేం తీసేసుకోవాలి. కాస్త గుర్తు తెచ్చుకుని చెప్పండి. చంపారా, కొన్నారా?"

పాపం, ఆ పిల్ల దారి చూపించింది. ఈయన అర్హూ వంక చూశాడు, నా వంక చూశాడు. "చంపాను" అన్నాడు. అర్హూను తనే కౌంటరు మీద ముందుకు తోశాడు.

నాకు ఒళ్ళు మండింది. "ఏం చంపారు మీరు? గోడ మీద బల్లిని చూస్తే మంచమెక్కే మనిషి. రాసుకో అమ్మాయ్, యౌమాటేలో మాక్ గారి వాద్యాల దుకాణంలో కొన్నారు. తోలు తెప్పించిన కాగితాలు ఆయన దగ్గరున్నాయి, పట్టుకొస్తాను."

"మీరు చెబితే చాలదు మామ్మగారూ. సంతకం పెట్టే మనిషి చెప్పాలి" అంది టోంగ్.

ఈయన మాత్రం నన్నే చూస్తున్నాడు. "నీకెలా తెలుసు?"

"సంబంధం అనుకున్నాక మా అమ్మ వాకబు చేయొద్దూ? నన్ను వెంటబెట్టుకుని మాక్ గారి దగ్గరికే వెళ్ళింది. తోలు బిగిస్తుంటే చూడలేక మీరు వీధిలోకి పారిపోయారని కూడా చెప్పాడాయన."

తాబేలాయన కిసుక్కున నవ్వాడు. మా ఆయనకు చెవులు ఎర్రబడ్డాయి.

"అన్నీ తెలిసి నన్నెందుకు చేసుకున్నావ్?"

"పాముల్ని చంపేవాడితో నాకేం పని? నాకు నచ్చాలని అంత పెద్ద అబద్ధం ఆడినవాడు మీరొక్కరే. అందుకని చేసుకున్నాను."

ఆయన కౌంటరు మీది అర్హూను మెల్లగా ఒళ్ళోకి తీసుకున్నాడు.

"కొన్నానమ్మా" అన్నాడు టోంగ్‌తో. "భయమేసి వీధిలోనే నిలబడ్డాను. అది కూడా రాసుకో."