జీడిపప్పు వచ్చిన రోజు ఆగిపోయే ఆట

డిప్లొమా చేతికొచ్చి ఉద్యోగం మాత్రం రాని ఆ రోజుల్లో, కంప్యూటర్ గురించి నాకు తెలియనిది లేదనుకునేవాణ్ణి. నరసరావుపేటలో మా నాన్నది మోటార్ వైండింగ్ షాపు. రాగితీగ చుట్టుకుంటూ బతకడం నాకు నామోషీ. అందుకే కంప్యూటర్లు బాగుచేసే భాయ్ కొట్లో చేరాను, నెల రోజులు పని చూసి ఉంచుకుంటాననే షరతు మీద. నెల అయిపోవస్తుండగా శావల్యాపురం వైపు ఒక పల్లె నుంచి ప్రెసిడెంటుగారబ్బాయి కంప్యూటర్ వచ్చింది. (ప్రెసిడెంటంటే మా వైపు సర్పంచి. పదవి పోయి రెండు ఎన్నికలైనా పిలుపు మాత్రం పోదు.) ఆ అబ్బాయి పొద్దస్తమానం కంప్యూటర్లో క్రికెట్ ఆడేవాడు కాబట్టి మేం అతన్ని కెప్టెన్ అనేవాళ్ళం. ఆట మధ్యలో తెర నల్లబడి కంప్యూటర్ మళ్ళీ మొదటి నుంచి మొదలవుతుంది. ఎప్పుడో తెలియదు, ఎందుకో తెలియదు. "శనివారం లోపల ఇది బాగుచేస్తే నువ్వు మన కొట్లో మనిషివి. లేదంటే మీ నాన్న దగ్గరికే పో, ఆడ పని చానా ఉంది" అన్నాడు భాయ్.

కొట్లో రెండు రోజులు ఆడించాం, చిన్న తుమ్ము కూడా తుమ్మలేదు. ఇంటికి పంపిన మర్నాడే మళ్ళీ మామూలే. ఇక నేనే రోజూ బస్సెక్కి పోయి వాళ్ళ వెనక గదిలో కూర్చునేవాణ్ణి. ఆట తీసేసి మళ్ళీ ఎక్కించాను. డ్రైవర్లు మార్చాను. దుమ్ము దులిపాను. ర్యామ్‌ని రబ్బరుతో రుద్దాను (మా విద్యలో ఇది సర్వరోగ నివారిణి). సినిమా చూస్తే ఏమీ కాదు, ఆట ఆడితేనే పోతుంది, అదీ ఒకరోజు మూడుసార్లు, ఒకరోజు అసలు లేదు. పోయినప్పుడల్లా టైము నోట్‌బుక్కులో రాసుకున్నాను. ఎంత చూసినా అందులో వరస దొరకలేదు. ఒక్కటి మాత్రం గమనించాను. ప్రెసిడెంటుగారి భార్య చెయ్యి పెద్దది, ముందు హాల్లో వచ్చినవాళ్ళకి ఏది పెడితే నాకూ అదే పంపేది. ఆట సాఫీగా సాగిన పూట నాకు మజ్జిగ వచ్చేది. ఆట పోయిన పూట, పోయిన పది నిమిషాలకల్లా వేయించిన జీడిపప్పు వచ్చేది. నోట్‌బుక్కులో జీడిపప్పుకీ ఒక గడి గీశాను. భాయ్‌కి చూపిస్తే, ఎండలో తిరుగుతున్నావు, టోపీ పెట్టుకో అన్నాడు.

శనివారం పొద్దున గట్టు తగాదా మీద ఇద్దరు రైతులొచ్చారు. ఆట సాగింది, మజ్జిగ తాగాను. మధ్యాహ్నం గేటు దగ్గర కారాగిన చప్పుడైంది. కెప్టెన్‌ని ఆడుతూ ఉండమని చెప్పి నేను హాలు గుమ్మం దగ్గరికొచ్చి నిలబడ్డాను. ప్రెసిడెంటుగారి భార్య కిటికీలోంచి తొంగి చూసింది. మండలం పెద్దలు దిగుతున్నారు. వెంటనే ఏసీ వేసి, జీడిపప్పు వేయించడానికి వంటింట్లోకి పోయింది. కాసేపటికి వెనక గదిలోంచి "పోయిందన్నా" అని కెప్టెన్ గొంతు వినిపించింది. ఊళ్ళోవాళ్ళకి ఫ్యాను, పెద్దలకి ఏసీ. ఆ ఏసీకీ ఈ కంప్యూటర్‌కీ ఒకటే పాత సన్న వైరు. ఏసీ మోటారు అందుకోగానే ఓల్టేజి పడిపోతుంది. ఆట ఆడేటప్పుడు కంప్యూటర్ కరెంటు ఎక్కువ లాగుతుంది కాబట్టి అప్పుడే తట్టుకోలేదు.

పెద్దలు వెళ్ళాక, రుజువు చేసి చూపిద్దామని, ఒకసారి ఏసీ వెయ్యమ్మా అని అడిగాను.

"ఎవరొచ్చారని?" అంది.

"ఎవరూ రాలేదమ్మా. నేనే."

రోజూ ఇంట్లో తిరుగుతున్న మనిషిని అప్పుడే చూసినట్టు చూసింది. ప్రెసిడెంటుగారు పేపర్లోంచి తలెత్తకుండా, "వెయ్యవే, పిల్లోడు అడుగుతున్నాడుగా" అన్నారు. వేసింది. నేను సోఫా అంచున కూర్చున్నాను. చల్లగాలి మొహానికి తగిలింది. అంతలో కెప్టెన్ మళ్ళీ అరిచాడు. నా ఉద్యోగం నాకొచ్చిందని తెలిసిన క్షణం అది. "తెలిసిందిగా అబ్బాయ్" అంటూ ఆమె ఏసీ ఆపేసింది. ఆమె మనసులో ఏమీ లేదు. అయినా, అంత సంతోషంలోనూ నాకు చివుక్కుమంది. సాయంత్రం మీటరు నుంచి కంప్యూటర్‌కి వేరే వైరు నేనే లాగాను. ఆ పని నాకు డిప్లొమాలో ఎవరూ నేర్పలేదు, నేను సిగ్గుపడిన ఆ వైండింగ్ షాపులో నాన్న నేర్పాడు. ఇంటికెళ్ళి ఆ మాట నాన్నతో అనలేదు, ఇప్పటికీ అనలేదు.

ఇప్పుడు పేటలో నాకే సొంత కొట్టుంది, అందులో ఏసీ కూడా ఉంది. అద్దం తలుపు బయట మనిషి కనపడగానే నా చెయ్యి రిమోట్ మీదికి పోయి, ఎవరొచ్చారా అని ఒక్క క్షణం ఆగుతుంది. ఆగినందుకు సిగ్గేసి గబుక్కున వేసేస్తాను. అన్నిసార్లూ వేస్తానని మాత్రం చెప్పను.