పన్నెండు ప్రశ్నలూ, క్రేన్ తాత నోరూ

ఆ రోజుల్లో, మనిషిని మర్యాదగా, వరుసగా ప్రశ్నలు అడిగితే నిజం చెప్పేస్తాడని నేను గట్టిగా నమ్మేదాన్ని. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది కానీ, అప్పుడు నాకు ఇరవై మూడేళ్ళు. పళ్ళ డాక్టరు చదువు అయిపోయి, హౌస్ సర్జన్ అనే గొప్ప పేరుతో కాలేజీలో ప్రతివాళ్ళ చేతా చివాట్లు తినే ఏడాది. మా విభాగానికి పెద్ద ఒక మేడం ఉండేవారు. ఆవిడ చేతిలో ఎప్పుడూ ఎర్ర పెన్ను ఉండేది కాబట్టి మేమందరం ఎర్రపెన్ను మేడం అనేవాళ్ళం (ఆవిడ వినేంత దూరంలో కాదు లెండి). నోటి జబ్బుల వల్ల పెద్దవాళ్ళ రోజువారీ బతుకు ఎంత ఇబ్బందిపడుతోందో ఇంటింటికీ వెళ్ళి కనుక్కురావాలని ఆవిడకు ఒక ఆలోచన వచ్చింది. మా హిందీ ఊళ్ళో, ప్లాంటు కార్మికులుండే క్యాంప్ 1 బస్తీలో తెలుగువాళ్ళు ఎక్కువ. ఆవిడ చూపు నా మీద పడింది. "తుమ్హే తో తెలుగు ఆతీ హై నా?" అన్నారు. వచ్చు అన్నాను. నా జీవితంలో చెప్పిన పెద్ద అబద్ధాల్లో అదొకటి.

నాకు వచ్చిన తెలుగు ఎలాంటిదంటే, అమ్మ శ్రీకాకుళం మాటల్లో తిడితే అర్థమయ్యేది, తిరిగి హిందీలో సమాధానం చెప్పేదాన్ని. మేడం ఇచ్చిన కాగితం మీద పన్నెండు ప్రశ్నలున్నాయి, అన్నీ ఇంగ్లీషులో. ఒక్కోదానికి సున్నా నుంచి నాలుగు దాకా అంకె వేయాలి. అసలు ఇబ్బంది లేకపోతే సున్నా, ఎప్పుడూ ఉంటే నాలుగు. వాటిని తెలుగు చేయడానికి అమ్మ సాయం అడిగాను. అమ్మ మొదటి ప్రశ్న విని, "ఇలగ ఎవులైనా మాటాడతారేటే? నీకు తన్నులే" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది. చేసేదేముంది, నాకు తోచినట్టు నేనే తెలుగు చేసుకుని, స్కూటీ వేసుకుని, మొహానికి చున్నీ చుట్టుకుని బయలుదేరాను.

మొదటి రోజు పది ఇళ్ళు తిరిగాను. పది ఇళ్ళలోనూ కుర్చీ వేశారు, చల్లటి నీళ్ళిచ్చారు, మా నాన్నది ఏ ఊరో, నాకు పెళ్ళెప్పుడో అడిగారు. నేను అడిగినదానికి మాత్రం పదిమందీ ఒకే జవాబు చెప్పారు: "ఏటీ నేదమ్మా, బాగానే ఉన్నాది." నోట్లో నాలుగు పళ్ళు మిగిలిన ఆయన కూడా బాగానే ఉన్నాదన్నాడు. నేను శ్రద్ధగా సున్నాలు చుట్టుకుంటూ వచ్చాను.

పదకొండో ఇల్లు క్రేన్ తాతది. ముప్ఫై ఏళ్ళపైన ప్లాంటులో క్రేను నడిపి రిటైరైన మనిషి. సన్నగా, నిటారుగా ఉంటాడు. మాట్లాడేటప్పుడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేవాడు. అది మర్యాద అనుకుని నేను ఎంత ముచ్చటపడ్డానో! పళ్ళసెట్టు పెట్టుకుంటారా అంటే, అవునన్నట్టు తలూపాడు. తిండికి ఇబ్బందా అంటే లేదు. మాటకి ఇబ్బందా, లేదు. నొప్పి? లేదు. ఇక తొమ్మిదో ప్రశ్నకు వచ్చాను. నా సొంత తెలుగులో గంభీరంగా చదివాను: "తాతగారూ, నోటి వల్ల మీ జీవితంలో సుఖం లేకుండా పోయిందని మీకు ఎప్పుడైనా అనిపించిందా?"

తాత కాసేపు ఆలోచించాడు. వంటింటి వైపు ఒకసారి చూశాడు. గొంతు తగ్గించి, "అనిపించింది గానీ, నా నోటి వల్ల కాదమ్మా. మీ మామ్మ నోటి వల్ల" అన్నాడు.

"నాకు ఇనిపించింది!" అని లోపల్నుంచి మామ్మ కేక వేసింది. ఆ తర్వాత ఇద్దరికీ పావుగంట వాదన జరిగింది. నేను మధ్యలో కూర్చుని, దీనికి ఏ అంకె వేయాలో తెలియక సున్నాయే వేశాను.

మర్నాడు మేడం నా కాగితాలు ఒక్కొక్కటే తిప్పారు. "సబ్ జీరో? ఇళ్ళకి వెళ్ళావా, ఇంట్లో కూర్చుని నింపావా?" అన్నారు. వెళ్ళానని ఎండకు నల్లబడిన చేతులు చూపించాను. ఆవిడ నమ్మలేదు. పదకొండు కాగితాల మీదా ఎర్ర పెన్నుతో అడ్డంగా గీత కొట్టి, మళ్ళీ వెళ్ళమన్నారు. ఈ పని పూర్తి కాకపోతే సర్టిఫికెట్ మీద సంతకం చేయనన్నారు. నాకు ఏడుపొచ్చింది. అబద్ధాలు వాళ్ళాడితే తిట్లు నాకా? ఆ కోపమంతా దారిలో స్కూటీ మీద చూపించాను (పాపం, దానికీ ఆ నెల సర్వీసింగ్ కాలేదు).

రెండోసారి నేరుగా క్రేన్ తాత ఇంటికే వెళ్ళాను. ఆయన పెరట్లో మొక్కలకు నీళ్ళు పోస్తున్నాడు. మామ్మ నన్ను వంటింట్లోకి లాగి పీట వేసింది. "ఇగో, ఆయన్ని అడిగితే ఏటి సెప్తాడు? నన్నడుగు" అంది. నేను కాగితం తీశాను. "కాయితం పక్కనెట్టు" అంది. పక్కన పెట్టాను. అప్పుడు చెప్పింది. తాత రోజూ పొద్దున్నే మార్కెట్ దగ్గర టీ బండికి వెళ్ళేవాడట. అక్కడ పాత ప్లాంటు స్నేహితులు ఐదారుగురు కూడి గంటలకొద్దీ మాట్లాడుకునేవారట. ఒకరోజు ఎవరో ఏదో హాస్యం చెబితే తాత పగలబడి నవ్వాడు. కింది పళ్ళసెట్టు జారి టీ గ్లాసులో పడింది. అందరూ నవ్వారు. తాత కూడా నవ్వుతున్నట్టే నటించి, గ్లాసుతో సహా ఇంటికొచ్చేశాడు. అంతే, మళ్ళీ అటువైపు వెళ్ళలేదు. అది జరిగి ఎనిమిది నెలలు.

"ఇప్పుడు అన్నం కూడా మాతో తినడమ్మా. మెత్తగా పిసికి పెడితే గోడవైపు తిరిగి తింతాడు. మనవరాలు ఫోన్‌లో కనపడతాది గదా, అప్పుడు కూడా నోరు ఇప్పడు. ఆ పిల్ల తాతకి కోపమొచ్చిందేటని అడుగుతాది," అంది మామ్మ. చెబుతూ చెబుతూ పప్పులో గరిటె అలా తిప్పుతూనే ఉంది.

నా పన్నెండు ప్రశ్నల్లో ఎనిమిదింటికి అక్కడే జవాబు దొరికింది. కానీ నాకు సంతోషం కలగలేదు, చిరాకు ఇంకా పెరిగింది. ఎనిమిది నెలలు! కాలేజీ అక్కడికి నాలుగు కిలోమీటర్లు! పెరట్లోకి వెళ్ళి, "తాతగారూ, సెట్టు తీయండి, చూడాలి," అన్నాను. కుదరదన్నాడు. నేను అక్కడే చెప్పులు విడిచి, బకెట్ బోర్లించుకుని కూర్చున్నాను. అరగంట మొండికేశాక తీశాడు.

అంత భయంకరమైన పళ్ళసెట్టు నేను అంతకుముందు చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు. మధ్యలో విరిగితే రెండు ట్యూబులు కలిపి రాసే గట్టి జిగురుతో అతికించుకున్నాడు. ఒక పక్క చిగురుకు గుచ్చుకుంటోందని ఇనప ఆకురాయితో అరగదీశాడు. "మెంటినెన్స్ మనమే సేసుకోవాలి గదా," అన్నాడు, కొంచెం గర్వంగానే. నాకు నవ్వూ కోపమూ ఒకేసారి వచ్చాయి. టార్చి వేసి నోట్లోకి చూసేసరికి రెండూ పోయాయి. కింది చిగురు మీద, సెట్టు అంచు ఆనే చోట, చిటికెనవేలి గోరంత పుండు. అంచులు తెల్లగా, కొద్దిగా గట్టిగా ఉన్నాయి. ఎన్నాళ్ళ నుంచి అంటే, మూడు నెలలై ఉంటాదన్నాడు. అలాంటి పుండు క్యాన్సర్ కూడా కావచ్చని పుస్తకంలో చదువుకున్నది నాకు గుర్తొచ్చింది. టార్చి ఆర్పేశాను.

"రేపు పొద్దున్న కాలేజీకి రండి," అన్నాను.

"ఎందుకేటి? తగ్గిపోతాది. మూడు నెల్లు ఆగలేదేటి?"

అక్కడ నాకు ఓపిక తెగిపోయింది. డాక్టరు గొంతు, మర్యాద తెలుగు అన్నీ పోయి, మా అమ్మ గొంతు బయటికొచ్చింది. "మీ క్రేను తాడు సగం తెగుంటే, మూడు నెలలు ఆగింది గదా అని కింద మనుషులుండగా నడిపేవారేటి?" అని అరిచాను. పక్కింటివాళ్ళు గోడమీంచి చూశారు. తాత కుండీలో ఉన్న తులసిమొక్కకు ఇంకో చెంబు నీళ్ళు పోశాడు. తర్వాత మెల్లగా, "ఎన్ని గంటలకి రమ్మంతావు?" అన్నాడు.

మర్నాడు ఆటోలో మామ్మతో కలిసి వచ్చాడు, కండువా మొహానికి చుట్టుకుని. ఎర్రపెన్ను మేడం చేతికి గ్లవ్స్ వేసుకుని పుండును తడిమి చూశారు. ఆవిడ మొహంలో ఏమీ కనిపించలేదు. రెండు వారాలు సెట్టు అసలు పెట్టకూడదని, అప్పటికీ మానకపోతే చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాలని చెప్పారు. ఆ రెండు వారాలూ నేను రోజు విడిచి రోజు వాళ్ళింటికి వెళ్ళాను. సర్వే కోసమని అందరికీ చెప్పాను. నిజానికి టార్చి వేసి చూడకపోతే నాకు అన్నం దిగేది కాదు. తాత మాత్రం నిబ్బరంగా నోరు తెరిచి, "రిపోర్ట్ ఏటి, మేడం?" అని నన్నే అడిగేవాడు. పదో రోజుకు అంచులు మెత్తబడ్డాయి. పధ్నాలుగో రోజుకు గులాబీరంగు మచ్చ మిగిలింది. మేడం చూసి, "ఠీక్ హై, రాపిడి పుండే," అని ఎర్ర పెన్నుతో చీటీ మీద కొత్త సెట్టుకు రాసిచ్చారు. నేను బాత్రూంలోకి వెళ్ళి కాసేపు ఏడ్చి వచ్చాను (జలుబు అని చెప్పాను).

కొత్త సెట్టు కథ వేరే. కొలతలు తీసే నా స్నేహితురాలికి తాత పక్కనుండి సూచనలిచ్చి, ఇనస్పెక్షన్ చేసి, రెండుసార్లు వెనక్కి పంపాడు. ఆ అమ్మాయి ఇప్పటికీ నాతో సరిగ్గా మాట్లాడదు. చివరికి సెట్టు అమిరింది. తాత అద్దంలో చూసుకుని, చెయ్యి అడ్డం లేకుండా నవ్వాడు. నేను కాగితం తీసి, పాత రోజుల్ని తలుచుకుని జవాబులు చెప్పమన్నాను. ప్రతిదానికీ నాలుగే చెప్పాడు. ఒక్కోదానికి పావుగంట వివరణ కూడా ఇచ్చాడు. కాగితంలో చోటు చాలలేదు.

మేడం ఆ ఒక్క కాగితం చూసి, "ఇది నిజం. మిగతా పదీ?" అన్నారు. మళ్ళీ మొదలు! ఈసారి తాత తానే స్కూటీ వెనక ఎక్కాడు. నన్ను టీ బండి దగ్గరికి తీసుకెళ్ళాడు. ఎనిమిది నెలల తర్వాత కనిపించేసరికి స్నేహితులు లేచి నిలబడ్డారు. వాళ్ళలో నేను సున్నాలు చుట్టినవాళ్ళూ ఉన్నారు. తాత బెంచీ మీద కూర్చుని, "నాది గ్లాసులో పడిపోనాది, మీరంతా సూసినారు గదా. ఇప్పుడు మీది సెప్పండిరా. ఈ పిల్లకి అబద్ధాలు సెప్తే ఊరుకోను," అన్నాడు. ముందు ఒకాయన, షుగర్ మాత్రలు మొదలెట్టాక నోరు ఎండిపోతోందని, సీసాడు నీళ్ళు పక్కన లేకపోతే మాట పెగలదని చెప్పాడు. ఇంకొకాయన వక్కపొడి నమిలి నమిలి నోట్లోకి రెండు వేళ్ళు కూడా పట్టడం లేదని, పెళ్ళిళ్ళకు వెళ్ళడం మానేశానని అన్నాడు. నాలుగు పళ్ళాయన తన నాలుగు పళ్ళూ చూపించి అందరినీ నవ్వించాడు. నవ్వుతున్న నోళ్ళలోకి టార్చి వేసి చూసుకుంటూ, ఎవరిని ఏ రోజు కాలేజీకి తీసుకెళ్ళాలో రాసుకుంటూ, మధ్యాహ్నం దాకా అక్కడే ఉన్నాను.

ఇంటికి వెళ్ళేటప్పుడు ఎండ మాడిపోతోంది, రాసి రాసి చేతినొప్పి, మేడం ఇంకేం తప్పు పడతారోనని ఒకటే విసుగు. దారంతా గొణుక్కుంటూనే వెళ్ళాను. ఇప్పుడు నా క్లినిక్‌లో చల్లగా కూర్చుని, చున్నీ చుట్టుకుని స్కూటీ మీద గొణుక్కుంటూ పోతున్న ఆ పిల్లను తలుచుకుంటే భలే నవ్వొస్తుంది. తన జీవితంలో అంత మంచి పొద్దు మళ్ళీ చాలాకాలం రాదని దానికి ఎవరూ చెప్పలేదు. చెప్పినా వినేది కాదు, ఆకలేస్తోంది కదా.